బడి గేటు దగ్గర బోణీ

నాకు ఉద్యోగం ఇప్పించింది వేప్పనపల్లి నుంచి కృష్ణగిరికి వచ్చే మొదటి బస్సు. నా బీయస్సీ మార్కులకు అందులో ఏ పాత్రా లేదు.

1995 జూన్‌లో ఒక పొద్దున పాతపేటలో బస్సు దిగి, ఎవరో చెప్పిన గుర్తు పట్టుకుని, దినుసుల అంగడి పక్కనున్న ఇనుప గేటు దగ్గరికి వెళ్లాను. గేటు ముందు చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. అరవై దాటిన పెద్దాయన ఒకాయన స్టూలు వేసుకుని, చేతిలో వెలిగించిన ఊదుబత్తితో కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు వాసుదేవశెట్టి అనీ, ఆ బడికి కరస్పాండెంటు ఆయనే అనీ నాకు అప్పటికి తెలియదు. కాపలా మనిషి అనుకున్నాను.

"టీచరు ఉద్యోగానికి వచ్చినాను" అన్నాను.

ఆయన నన్ను ఒకసారి చూశాడు, ఊదుబత్తిని ఒకసారి చూశాడు. వీధికి రెండువైపులా తొంగి చూశాడు, నాకన్నా ముందు ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. నిట్టూర్చి లేచి నన్ను లోపలికి తీసుకుపోయాడు. లోపల హెడ్మిస్ట్రెస్ కాత్యాయని, అంటే ఆయన కోడలు, నన్ను చూడగానే తల పట్టుకుంది.

"మామా, నిన్ననే మనిషిని తీసుకున్న్యాము గదా!"

"బోణీ అమ్మా" అన్నాడాయన.

అదే నా ఇంటర్వ్యూ. యూకేజీకి ఇద్దరు టీచర్లు అవసరం లేకపోయినా ఆ ఏడాది ఇద్దరం ఉన్నాం. ఒకళ్లం అక్షరాలు దిద్దిస్తుంటే ఇంకొకళ్లం ముక్కులు తుడిచేవాళ్లం.

అంగడి వ్యాపారం ఎరగనివాళ్లకు బోణీ సంగతి కొంచెం చెప్పాలి. పొద్దున తలుపు తీశాక మొదట వచ్చిన మనిషి ఆ రోజుకంతా శకునం. ఆ మనిషిని ఉత్తచేతులతో పంపకూడదు. లాభం లేకపోయినా సరే, ఏదో ఒకటి ఇచ్చే పంపాలి. బోణీ చెడితే రోజంతా చెడుతుంది. శెట్టిగారి తాతల కాలం నుంచి ఆ అంగట్లో బోణీ ఒక్కరోజు కూడా చెడలేదని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. అంగట్లో అదంతా ముచ్చటగానే ఉంటుంది. చిక్కేమిటంటే, బడి గేటు దగ్గర కూర్చున్నా ఆయన అంగడిలోనే కూర్చున్నాననుకునేవాడు.

ఆయన చదివింది అయిదో తరగతి. నాలుగు భాషల్లో బేరమాడగలడు, ఏ భాషలోనూ ఉత్తరం రాయడు. బడి పెట్టాలన్న ఆలోచన ఆయనది కానే కాదు, కాత్యాయనిది. ఆమె హోసూరు పిల్ల. బీయే, బీఈడీ చదివి ఈ ఇంటికి వచ్చింది. భర్త అరవింద్ అంగడి చూసుకునేవాడు. నెమ్మదస్తుడు, ఇంట్లో మాట పెరిగితే మెల్లగా గల్లాపెట్టె దగ్గరికి జారుకునే రకం. వాళ్లకు ఒక్కతే కూతురు, లక్ష్మీప్రియ. ఆ పిల్లకు మూడేళ్లు నిండినప్పుడు, 1993లో, కాత్యాయని మామగారి దగ్గరికి వెళ్లి గోదాము అడిగింది.

"నా బిడ్డను వ్యాన్ ఎక్కించి ఊరి బయటికి పంపను మామా. నా కండ్ల ముందర, నా చేత్తో చదివించుకుంటాను. పదో తరగతి దాకా."

ఆమె జీవితంలో అడిగింది అదొక్కటే. నగలు అడగలేదు, వేరు కాపురం అడగలేదు. శెట్టిగారు మిరపకాయల బస్తాలు, చింతపండు బుట్టలు మిద్దెమీదికి ఎక్కించి గోదాము ఖాళీ చేయించాడు. వీధిలోని పిల్లలు కొందరు, లక్ష్మీప్రియ, రెండు చాపలు, ఒక నల్లబల్ల. బడి మొదలైంది. ఊరు తమిళనాడులోదైనా ఆ బడిలో తెలుగు కూడా నేర్పేవాళ్లు. గోడల్లో ఇంకిన మిరపఘాటు అంత తొందరగా పోతుందా! మొదటి ఏడాది ప్రేయరంతా తుమ్ములతోనే సాగేదని కాత్యాయని నవ్వుతూ చెప్పేది.

ఆ బడి పెరిగిన తీరు విచిత్రం. లక్ష్మీప్రియ ఒకటో తరగతికి వస్తే ఒకటో తరగతి పెట్టారు. రెండుకు వస్తే రెండు. ఏడాదికో గది. గోదాము అయిపోతే వెనక పెరడు, పెరడు అయిపోతే పక్కింటివాళ్ల పశువుల కొట్టం కొని పైకప్పు మార్చారు. ఆ పిల్ల ముందు నడుస్తుంటే బడి వెనకాలే నడిచేది. బడి పిల్లలకి కూడా ఇది తెలుసు. ఆమె పరీక్ష తప్పితే వచ్చే ఏడాది కొత్త గది కట్టరేమోనని ఒకసారి మూడో తరగతి పిల్లలు నాతో అన్నారు.

పిల్లలు చేరింది మాత్రం కాత్యాయని పాఠాలకన్నా శెట్టిగారి బోణీకే ఎక్కువ. శెట్టిగారి బడికి పొద్దున్నే మొదట పోతే సీటు ఖాయమని వేప్పనపల్లి వైపు పల్లెల్లో ఎట్లా పాకిందో పాకింది. జూన్ నెల వచ్చిందంటే తెల్లవారేసరికి గేటు ముందు జనం. ఒకసారి తిమ్మరాయప్ప అనే మామిడితోపు రైతూ ఇంకొకాయనా నేను ముందంటే నేను ముందని తోసుకుని, ఇద్దరి పంచెలూ బురదైతే, శెట్టిగారు ధర్మసంకటంలో పడి ఇద్దరి పిల్లల్నీ చేర్చుకున్నాడు. కాత్యాయని ఆ రోజంతా సుద్దముక్కలు విరుస్తూనే ఉంది.

ఒకసారి పొద్దున్నే మొదట వచ్చినాయన టీసీ అడిగాడు. బెంగుళూరు పోతున్నారట. బోణీ కాబట్టి ఇవ్వక తప్పదు. ఇచ్చాడు. ఇచ్చి ఆ రోజు అన్నం తినలేదు. బోణీకి పిల్ల రావడం పోయి పిల్ల వెళ్లిపోయిందని సాయంత్రం దాకా అదే చెప్పుకున్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నం తరువాతే టీసీలు అని కాత్యాయని గోడమీద రాయించింది.

నేనూ బోణీకి వచ్చినదాన్నే కాబట్టి ఈ పిచ్చిని తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిట్టేదాన్ని. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఒక బెంచీమీద అయిదుగురు పిల్లలు కూర్చుంటే చివరి పిల్ల సగం గాల్లో రాస్తుంది, ఆ రాతను దిద్దాల్సింది నేను.

2000 సంవత్సరానికి లక్ష్మీప్రియ ఆరో తరగతికి వచ్చింది. అసలు పరీక్ష బడికి అప్పుడు వచ్చింది. ఆరో తరగతి నుంచి పైకి పోవాలంటే మెట్రిక్యులేషన్ గుర్తింపు కావాలి. గుర్తింపు రాకపోతే అయిదుతోనే బడి ఆగిపోతుంది, పిల్లలు తలా ఒక దారి పడతారు, కాత్యాయని ఏడేళ్ల కష్టం గోదాముగానే మిగిలిపోతుంది. తనిఖీకి వచ్చే అధికారి ముందుగానే కబురు పంపాడు: గదికి నలభై మంది, ఒక్క తల ఎక్కువున్నా ఆ ఏడాదికి గుర్తింపు మాట మరిచిపోండి. మిద్దెమీద కొత్త గదులు మొదలుపెట్టారు గానీ పూర్తికావడానికి ఏడాది పడుతుంది. మే నెలాఖరుకే ఆరో తరగతిలో నలభై నిండాయి.

కాత్యాయని మామగారికి చేతులు జోడించినంత పని చేసింది.

"మామా, ఈ ఒక్క జూను గేటు దగ్గర కూసోవద్దు. మీకు దణ్ణం పెడతాను."

"నేను కూసోకపోతే బోణీ ఎవురు చేస్తారమ్మా?"

"అంగట్లో చేసుకోండి."

"అంగడిది అంగడికి. బడిది బడికి" అన్నాడాయన. కాస్సేపు ఆలోచించి, ఆయనే దారి కనిపెట్టాడు. వ్యాపారి బుర్ర! గేటు దగ్గర స్టూలు పక్కన ఒక చిన్న బల్ల వేసి, దానిమీద పెన్సిళ్ల డబ్బా పెట్టాడు. ఎవరికన్నా ముందు మన మనిషే వచ్చి ఒక పెన్సిల్ కొంటే బోణీ అయిపోతుంది. తరువాత వచ్చినవాళ్లకు సీటు లేదని చెప్పడానికి అడ్డం ఏముంది? ఆ మన మనిషి నేను. రెండు వీధుల అవతల గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని కాబట్టి ఆ శిక్ష నాకు పడింది. పొద్దున పాలవాడికన్నా ముందు లేచి, తల దువ్వుకోకుండా వెళ్లి, పెన్సిల్ కొనుక్కుని, తిరిగి వచ్చి పడుకునేదాన్ని. శెట్టిగారు నేనిచ్చిన నాణెం కళ్లకద్దుకుని, "దేవుడు నిన్ను చల్లగా చూడనీ టీచరమ్మా" అనేవాడు. చల్లగా చూడటం తరువాత, నిద్రపోనిస్తే చాలు అనుకునేదాన్ని.

జూన్‌లో బడి తెరిచాక కూడా ఈ ఉపాయం బాగానే నడిచింది. పల్లెలనుంచి వచ్చినవాళ్లకు శెట్టిగారు ఎంతో మర్యాదగా మజ్జిగ ఇచ్చి, వచ్చే ఏడాది రమ్మని పంపేవాడు. పంపిన తరువాత మాత్రం వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా అటే చూసేవాడు.

ఒకరోజు నేను ఎప్పటిలాగే నాణెం పట్టుకుని వెళ్లేసరికి గేటు ముందు ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పక్కన పదేళ్ల ఆడపిల్ల. వేప్పనపల్లికి అవతల, కుప్పం హద్దులో వాళ్ల ఊరు. ముందురోజు ఆఖరి బస్సుకే వచ్చి బస్టాండులో పడుకున్నారట. ఆమె పేరు అంజనమ్మ, పిల్ల ఆశ. నేను గబగబా పెన్సిళ్ల బల్లవైపు చెయ్యి చాపాను. శెట్టిగారు నా చెయ్యి ఆపాడు.

"వాళ్లు ముందు వచ్చినారు టీచరమ్మా."

"అప్పా, నా బిడ్డను చేర్చుకోప్పా" అంది అంజనమ్మ. "మా ఊర్లో బడి అయిదుతో నిలిచిపాయ. ఇది చదివిందంతా తెలుగే. టౌన్లో సర్కారు బడికి పోయినాను. ఆడ అంతా అరవం. దీనికి నోరు తిరగదప్పా, ఒక అక్షరం రాదు. మీ బడిలో తెలుగు ఉండాదని చెప్పినారు."

"ఆడనే చేరితే నిదానంగా అరవం వచ్చేస్తుందమ్మా" అన్నాను నేను. తలుపు మూయడానికి దొరికిన మొదటి మాట అది.

"నేనూ అట్లనే అనుకొని దీని అక్కను చేర్పిస్తిని. ఏడాదంతా వెనక బెంచీలో కూసొని, నోరు తెరవకుండా ఇంటికొచ్చేసింది. ఇప్పుడు మేకలు తోలుతాంది."

ఊదుబత్తి సగం కాలింది. శెట్టిగారు ఆశను దగ్గరికి పిలిచి, పెన్సిల్ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. నాణెం తీసుకోలేదు. "చేర్చుకున్న్యాను పోమ్మా" అన్నాడు.

నేను లోపలికి పరుగెత్తాను, కాత్యాయనికి చెప్పడానికి. దాచే పని కాదు గదా. ఆమె బడి వెనకున్న ఇంట్లో, వంటింట్లో కూతురికి జడ వేస్తోంది. విని, జడ సగంలోనే వదిలేసి గేటు దగ్గరికి వచ్చింది.

"మామా, నలభై ఒకటి అయితే గుర్తింపు రాదు. తెలిసి చేసినారా?"

"నలభై ఒకటి కాదులేమ్మా." ఆయన తల ఎత్తలేదు. "మన పాపను తీస్తే సరిపోతుంది."

సగం జడతో లక్ష్మీప్రియ తలుపు దగ్గర నిలబడి వింటోంది.

"ఈ బడి ఎవురికోసరం పెట్టినాను మామా?" అంది కాత్యాయని. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"తెలుసమ్మా. నాకు తెలీదా?" అన్నాడు శెట్టిగారు. "ఇంకొకరి బిడ్డను తీసేదానికి నాకు నోరు రాదు. వచ్చిన బిడ్డను పొమ్మనేదానికీ రాదు. మన పాపకు అరవం వచ్చు. అంగట్లో పెరిగింది. యాడ వేసినా బతుకుతుంది. ఆ బిడ్డకు ఈడ తప్ప ఇంకోచోటు లేదు."

"మీ బోణీకోసరం నా బిడ్డను..." అని ఆమె ఆగిపోయింది.

హెడ్మిస్ట్రెస్ ఆమె. కాదంటే ఆయన చేయగలిగింది ఏమీ లేదు. కాదనాలనే నేను కోరుకున్నాను, ఆ మాట ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు. కాత్యాయని చాలాసేపు ఆశను చూస్తూ నిలబడింది. ఆ పిల్ల పెన్సిల్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఎవరైనా వెనక్కి అడుగుతారేమోనని బెదురుతూ చూస్తోంది. కాత్యాయని వంటింట్లోకి వెళ్లి కూతురి జడ పూర్తిచేసింది. ఆ వారంలోనే లక్ష్మీప్రియను సర్కారు ఆడపిల్లల బడిలో చేర్పించి వచ్చింది. తానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది, ఇంకెవర్నీ రానివ్వలేదు.

తరువాత నాలుగు నెలలు ఆ ఇంట్లో మామా కోడళ్ల మధ్య మాటల్లేవు. ఆమె అన్నం వడ్డించేది, ఆయన తినేవాడు. ఉప్పు కావాలంటే అరవింద్‌ను అడిగేవాడు. అరవింద్ అంగట్లో ఉంటే ఉప్పు లేకుండానే తినేవాడు.

తనిఖీ ఆగస్టులో వచ్చింది. అధికారి పేరు సుబ్రమణి. ధర్మపురి నుంచి వచ్చాడు. మనిషి చాలా ఖచ్చితం. ప్రతి గదిలో తానే వేలు పెట్టి తలలు లెక్కపెట్టాడు. ఆరో తరగతి దగ్గర రెండుసార్లు లెక్కపెట్టాడు. సరిగ్గా నలభై. ముందు బెంచీలో ఆశ. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆయన ఆఫీసు గదిలో మజ్జిగ తాగుతుండగా, మధ్యాహ్నం భోజనానికి లక్ష్మీప్రియ ఇంటికి వచ్చింది. ఇల్లు బడి వెనకే కాబట్టి బడి మధ్యనుంచే దారి. నీలం పావడా, తెల్ల చొక్కా, భుజానికి గుడ్డ సంచి. మా పిల్లలందరూ మట్టిరంగు గళ్ల యూనిఫాంలో ఉంటే ఆ పిల్ల ఒక్కతే వేరుగా కనబడింది.

"ఈ అమ్మాయి ఎవరు?" అని తమిళంలో అడిగాడు సుబ్రమణి.

"నా మనవరాలు" అన్నాడు శెట్టిగారు.

సుబ్రమణి గ్లాసు కింద పెట్టాడు. "మీ పిల్లను మీ బడికే పంపరా? మీ బడిమీద మీకే నమ్మకం లేకపోతే నన్ను సంతకం ఎట్లా చెయ్యమంటారు?"

ఇన్నీ చేసి, చివరికి ఇందుకా దొరికిపోయాం! శెట్టిగారు తన అంగడి తమిళంలో జరిగిందంతా చెప్పాడు. బోణీ దగ్గర మొదలుపెట్టి, పెన్సిళ్లు, అంజనమ్మ, నలభై, ఏదీ వదల్లేదు. నన్ను కూడా చూపించి, ఈవిడా బోణీయే అన్నాడు. సుబ్రమణి మొదట నవ్వాడు. తరువాత కాత్యాయని ముఖం చూసి నవ్వు ఆపాడు.

"మీరు ఒప్పుకున్నారా అమ్మా?" అని అడిగాడు.

"ఒప్పుకోలేదు సార్. చేర్పించి వచ్చినాను" అంది కాత్యాయని.

ఆయన కాగితాలు సర్దుకుని లేచాడు. దీపావళి ముందు గుర్తింపు వచ్చింది. ఆ కాగితం శెట్టిగారు కోడలి చేతికి ఇచ్చి, "నీదేనమ్మా" అన్నాడు. "ఉప్పు కావల్లంటే నన్నే అడగండి మామా" అంది ఆమె. అంతటితో మాటలు కలిశాయి.

మరుసటి మే నెలకు మిద్దెమీద గదులు పూర్తయ్యాయి. కాత్యాయని చేసిన మొదటి పని దర్జీని ఇంటికి పిలిపించడం. లక్ష్మీప్రియ కొలతలకు రెండు జతల యూనిఫాం కుట్టించింది. ఏడో తరగతి గదిలో కిటికీ పక్క చోటు అట్టేపెట్టింది. అంతకుముందు ఏడాదంతా కాత్యాయని పదిమందిలో నవ్వుతూ తిరిగినా, సాయంత్రం బడి వదిలాక ఆరో తరగతి గదిలో ఒక్కతే కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. ఇప్పుడు ఆ ముఖంలో కళ వచ్చింది.

బడి తెరిచే రోజు. గేటు ముందు పల్లెల జనం బారులు తీరారు. శెట్టిగారు చేతులు జోడించి అందరినీ వెనక్కి జరగమన్నాడు.

"ఈ పొద్దు బోణీ నా మనవరాలిది. ఎవురూ ఏమనుకోవద్దు."

కాత్యాయని కొత్త యూనిఫాం మడతపెట్టి చేతిలో పట్టుకుని నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. ఇంట్లోనుంచి లక్ష్మీప్రియ వచ్చింది. నీలం పావడా, తెల్ల చొక్కాలో వచ్చింది. తాత ముందు నిలబడింది.

"బోణీకి వచ్చినాను తాతా."

"రా తల్లీ. ఏం కావల్ల?"

"నేను ఆ బళ్లోనే ఉంటాను."

శెట్టిగారికి అర్థంకాలేదు. "ఎందుకమ్మా? ఈడ నీ గది కట్టినాము గదా."

"ఆడ నాకు సావాసగత్తెలు ఉండారు. ఖోఖోలో తీసుకున్న్యారు." తల్లివైపు చూడకుండా నేలను చూస్తూ చెప్పింది. "ఈడ నేను ఏమి చేసినా హెడ్మిస్ట్రెస్ కూతురంటారు. ఆడ ఉట్టి లక్ష్మీప్రియను. నాకు అదే బాగుండాది."

శెట్టిగారి చేతిలో ఊదుబత్తి బూడిద రాలి పంచెమీద పడింది. ఆయన దులుపుకోలేదు. మొదటిసారి ఆయన కళ్లలో భయం చూశాను. సరే అంటే కోడలి ముఖం చూడలేడు. కాదంటే బోణీ. కాదనేసేవాడేనేమో కూడా, నాకు అట్లాగే అనిపించింది. ఆయన నోరు తెరిచాడు.

"బోణీ గదా మామా" అంది కాత్యాయని. "కాదనగూడదు."

ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. ఎనిమిదేళ్లుగా ఆ మాటను తిట్టిన మనిషి. లక్ష్మీప్రియ తల్లి నడుము చుట్టూ చేతులు వేసి ఒక్క క్షణం పట్టుకుని, సంచి భుజానికి వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. నాకు ఏడుపు ఆగలేదు, పమిట అడ్డం పెట్టుకున్నాను. కాత్యాయని ఏడవలేదు. యూనిఫాం చంకలో పెట్టుకుని, మామగారి పక్కన పెన్సిళ్ల బల్లమీదే కూర్చుని, వరసలో ముందున్న ఆయన్ను పిలిచింది.

"రాప్పా. ఏ తరగతికి?"

ఇప్పుడు ఆ బడిలో పన్నెండో తరగతి దాకా ఉంది. ఆశ పదో తరగతి రాసిన మొదటి జట్టులో ఉంది. ఆ రెండు జతల యూనిఫాం మాత్రం కాత్యాయని ఎవరికీ ఇవ్వలేదు. ఆఫీసు గది బీరువాలో, కింది అరలో ఉన్నాయి.